చందా డబ్బుతో పుట్టిన సంగీతం

1853 వేసవిలో న్యూ ఆర్లీన్స్‌ను ఎల్లో ఫీవర్ కమ్ముకుంది. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, చిత్తడి నేల మీద వెలసిన ఊరది. జ్వరాన్ని మోసుకొస్తున్నది దోమలని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ఒక్క ఏడాదే దాదాపు 8,000 మంది పోయారు. స్తోమత ఉన్నవాళ్లు ఎండలు ముదరగానే ఊరు విడిచి వెళ్లిపోయేవారు. రేవు కూలీలకు, తాపీ పనివాళ్లకు, ఇళ్లలో బట్టలుతికే ఆడవాళ్లకు ఆ దారి లేదు. చావు భయం అందరికీ ఉన్నదే. వీళ్లకు దిక్కులేని చావు భయం కూడా ఉండేది. నేను పోతే గుంట తవ్వించేదెవరు? నా వెనకాల నలుగురు నడుస్తారా?

ఈ ప్రశ్నకు అక్కడి పేదలు వెతుక్కున్న జవాబు ఒక పద్దు పుస్తకం. నెలనెలా సంఘానికి చందా కట్టాలి. జబ్బు చేస్తే సంఘం వైద్యుణ్ణి పంపుతుంది. కన్నుమూస్తే సమాధిలో చోటిస్తుంది. ఇంటి నుంచి ఆ సమాధి దాకా ముందు నడవడానికి ఒక ఇత్తడి బ్యాండును కుదురుస్తుంది. ఈ మూడో ఖర్చే చరిత్రను మలుపు తిప్పింది. ఆ బ్యాండుల్లో ఆరితేరిన వేళ్లూ పెదవులే తర్వాతి తరంలో జాజ్ సంగీతాన్ని పుట్టించాయి.

ఇది ఒకరు కనిపెట్టిన సంగతి కాదు. మూడు వేర్వేరు చోట్ల, ఒకరినొకరు ఎరగని మనుషులు తమ అవసరాల కోసం చేసుకున్న మూడు ఏర్పాట్లు ఒక ఊళ్లో కలిశాయి. మొదటిది ఐరోపాలో వాయిద్యాలు చేసేవాళ్ల బల్ల మీద తయారైంది. రెండోది ఇంగ్లండులో సారాయి దుకాణాల మేడగదుల్లో. మూడోది న్యూ ఆర్లీన్స్ వీధుల్లో.

మూడు వాల్వుల మహిమ

ఇత్తడి బాకాకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. గొట్టం పొడవు మారదు. పెదవులు బిగించి ఊదినా, వదులు చేసి ఊదినా కొన్ని స్వరాలే పలుకుతాయి. కింది స్థాయిలో వాటి మధ్య ఎడం మరీ ఎక్కువ. సైనికుల్ని నిద్ర లేపడానికి, గుర్రపు దళాన్ని కదిలించడానికి ఆ నాలుగు స్వరాలు చాలు. పాటకు చాలవు. ట్రాంబోన్‌కు ముందుకూ వెనక్కూ జారే గొట్టం ఉంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. మిగతా వాటికి ఏదో ఒక ఉపాయం కావలసి వచ్చింది. 1810లో డబ్లిన్‌లో జోసెఫ్ హాలిడే బ్యూగిల్‌కు రంధ్రాలు పెట్టి, వాటి మీద మీటలు బిగించి పేటెంటు తీసుకున్నారు. అది కొంతకాలం నడిచింది.

అసలు దారి 1818లో తెరుచుకుంది. ప్రష్యా వాద్యకారులు హైన్‌రిక్ ష్టోల్‌ట్సెల్, ఫ్రీడ్రిక్ బ్లూమెల్ కలిసి వాల్వుకు పేటెంటు పొందారు. సూత్రం తేలికైనదే. వేలితో వాల్వు నొక్కగానే గాలి పక్కనున్న అదనపు గొట్టంలోంచి చుట్టు తిరిగి వస్తుంది. దారి పొడవు పెరుగుతుంది, స్వరం దిగుతుంది. తర్వాతి రోజుల్లో స్థిరపడిన అమరికలో ఒక వాల్వు అర స్వరం దించుతుంది, ఇంకొకటి ఒక స్వరం, మరొకటి ఒకటిన్నర స్వరం. మూడింటినీ విడివిడిగానో కలిపో నొక్కితే మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా స్వరాలన్నీ దొరుకుతాయి. 1839లో పారిస్‌లో ఫ్రాంస్వా పెరినే ఈ పిస్టన్ వాల్వును మరింత చక్కదిద్దారు. నేటి ట్రంపెట్లలో ఉన్నది దాదాపు ఆ నమూనాయే.

దీన్ని సామాన్యుడి చేతికి అందించినవారిలో ముఖ్యుడు అడాల్ఫ్ సాక్స్. బెల్జియంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ పనిమంతుడు 1840లలో సాక్స్‌హార్న్ అనే వాయిద్యాల కుటుంబాన్నే తయారుచేశారు. కీచుగా పలికే చిన్నదాని నుంచి గంభీరంగా మోగే పెద్దదాని దాకా అన్నిటికీ ఒకే ఆకారం, వేళ్లు కదిపే పద్ధతీ ఒకటే. ఒకటి నేర్చుకున్నవాడు ఇంకొకటి వాయించగలడు. 1844లో ఇంగ్లండుకు చెందిన డిస్టిన్ కుటుంబం పారిస్‌లో వీటిని చూసి ముచ్చటపడి తమ దేశానికి తెచ్చింది. వయొలిన్ మీద పట్టు రావాలంటే ఏళ్లు పడుతుంది. పగలంతా మగ్గం దగ్గరో గనిలోనో పనిచేసే మనిషి సాయంత్రాలు సాధన చేసి వాల్వు బాకాను లొంగదీసుకోగలడు. దానికి వానన్నా ఎండన్నా లెక్కలేదు, నడుస్తూ వాయించవచ్చు, వీధి చివరి దాకా వినిపిస్తుంది. బ్రిటిష్ పటాలాలు వెళ్లిన ప్రతిచోటికీ ఈ వాయిద్యాలు వెళ్లాయి. మన పెళ్లిళ్లలో బ్యాండు మేళం వాళ్లు వాయించే ట్రంపెటూ యుఫోనియమూ ఆ వాల్వు వంశానివే.

మేడగదిలో పద్దు పుస్తకం

అదే కాలంలో ఇంగ్లండులో ఫ్యాక్టరీలు లేచాయి. పల్లె విడిచి వచ్చిన కూలీకి పట్నంలో కులపెద్దలు లేరు, చుట్టాలు లేరు. చెయ్యి విరిగితే ఆ వారం కూలి లేదు. బిచ్చగాళ్లను పూడ్చినట్టు ధర్మఖర్చుతో పూడ్చబడటం కంటే అవమానం వాళ్ల దృష్టిలో ఇంకొకటి లేదు. అందుకని పదిమంది చేరి ఫ్రెండ్లీ సొసైటీలు పెట్టుకున్నారు. మన ఊళ్లలో చీటీ కట్టినట్టే నెలనెలా డబ్బు వేస్తారు. అయితే ఇక్కడ పాట పెట్టేది లేదు, కష్టం వచ్చిన మనిషికే డబ్బు. 1793లో బ్రిటిష్ పార్లమెంటు వీటికి చట్టం చేసింది. 1810లో మాంచెస్టర్‌లో ఆడ్‌ఫెలోస్ సంఘాల పెద్ద కూటమి ఏర్పడింది. 1835లో దాని పక్కనే ఉన్న సాల్‌ఫర్డ్‌లో తాగుడు మానినవాళ్లు రెకబైట్స్ పేరుతో తమ సంఘం పెట్టుకున్నారు.

ఈ సంఘాల్లో రహస్య సంకేతాలు, ప్రత్యేకంగా చేతులు కలిపే పద్ధతి, మెట్లుమెట్లుగా దీక్షలు, రంగురంగుల పట్టీలు ఉండేవి. బయటివాళ్లకు అవి వింతగా కనిపించేవి గానీ వాటి వెనక లెక్క ఉంది. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే సభ్యుడు కొత్త ఊళ్లో సంఘం గుమ్మం ఎక్కి సాయం అడిగితే, అతను నిజంగా సభ్యుడేనని తెలిసేదెలా? ఫొటోలు, గుర్తింపు కార్డులు లేని కాలమది. సంకేతం చెప్పగలిగితేనే డబ్బు.

ఏడాదికోసారి, ఎక్కువగా వేసవి మొదట్లో వచ్చే విట్సన్ పండగ వారంలో, సంఘం సభ్యులంతా జెండా పట్టుకుని చర్చి దాకా ఊరేగింపుగా వెళ్లేవారు. ముందు బ్యాండు, వెనక సభ్యులు, ఆ తర్వాత విందు. ఈ ఊరేగింపు వేడుకా, ప్రకటనా రెండూనూ. సంఘం గట్టిగా ఉంది, పెట్టెలో డబ్బుంది, మీరూ చేరండి అని ఊరికి చెప్పడమది. సభ్యుడు పోయినప్పుడు మిగతావాళ్లు వెంట నడవాలి. రానివాడికి జరిమానా వేసే నియమం చాలా సంఘాల్లో ఉండేది. బ్యాండుకూ సంఘానికీ ముడిపడింది ఇక్కడే.

గుమ్మం దగ్గర రంగు గీత

ఈ ఏర్పాటు అమెరికాకు చేరింది. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన థామస్ వైల్డీ 1819లో బాల్టిమోర్‌లో ఆడ్ ఫెలోస్ లాడ్జి, అంటే స్థానిక శాఖ, పెట్టారు. అయితే ఆ గుమ్మాల దగ్గర నల్లవాళ్లను ఆపేశారు. సోదరత్వం అనే మాటకు చర్మం రంగు అడ్డొచ్చింది.

నల్లజాతివాళ్లు దానికి కనుక్కున్న దారి చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. స్థానిక శాఖ కాదంటే నేరుగా మూల సంస్థకే రాసుకున్నారు. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతీయుడు, మరో పద్నాలుగు మంది బ్రిటిష్ పటాలంలోని లాడ్జి ద్వారా ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో చేరారు. అమెరికా లాడ్జీలు గుర్తించకపోతే లండన్‌కు రాసి 1784లో అనుమతి పత్రం తెచ్చుకున్నారు. పీటర్ ఆగ్డెన్ ఓడల్లో పనిచేసేవారు. అంతకుముందే ఇంగ్లండులో ఒక ఆడ్‌ఫెలోస్ లాడ్జిలో చేరి ఉన్నారు. న్యూయార్క్‌లోని నల్లజాతి మిత్రులకు అమెరికా ఆడ్ ఫెలోస్ చోటివ్వకపోతే, ఆయన ఇంగ్లండులోని గ్రాండ్ యునైటెడ్ ఆర్డర్ నుంచి అనుమతి సంపాదించారు. 1843లో ఆ లాడ్జి మొదలైంది. 1864లో తెల్లవాళ్లు స్థాపించుకున్న నైట్స్ ఆఫ్ పిథియాస్ అనే సంఘానికి పోటీగా 1880లో మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లో నల్లవాళ్ల పిథియాస్ వచ్చింది. 1898లో సిన్సినాటిలో ఎల్క్స్ అనే సంఘం విషయంలోనూ ఇదే జరిగింది.

ఇది పేరు ప్రతిష్ఠల కోసం పడిన పోటీ కాదు. బీమా కంపెనీలు నల్లవాళ్లను కావాలనే దూరం పెట్టాయి. ప్రుడెన్షియల్ కంపెనీ 1880ల మొదట్లోనే, తెల్లవాళ్లతో సమానంగా ప్రీమియం కట్టిన నల్లవాళ్లకు తక్కువ సొమ్ము చెల్లించే పద్ధతి పెట్టింది. అదే కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1896లో ఒక పెద్ద పుస్తకం రాసి, నల్లజాతికి బీమా చేయడం దండగ అని వాదించారు. ప్లెసీ కేసులో నల్లవాళ్లకు వేరు రైలుపెట్టెలు న్యాయమేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ కేసు పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లో. కోర్టు, కంపెనీ రెండూ తలుపు మూసేశాక సంఘం ఒక్కటే దిక్కయింది.

ఊరేగింపుల ఊళ్లో

న్యూ ఆర్లీన్స్‌కు మొదటినుంచీ వీధి మీద మోజు. ఫ్రెంచివాళ్లు, స్పానిష్‌వాళ్లు పాలించిన క్యాథలిక్ ఊరు కాబట్టి పండగంటే ఊరేగింపే. 1817లో నగర పాలకులు బానిసలు గుమికూడడానికి ఒకే చోటు కేటాయించాలని నిర్ణయించాక, ఆదివారాల్లో కాంగో స్క్వేర్‌లో ఆఫ్రికన్ డప్పులు, ఆటలు సాగాయి. అంతకుముందు 1815లో బ్రిటిష్‌వాళ్లతో జరిగిన యుద్ధంలో అమెరికన్ సేనకు డ్రమ్ము వాయించిన జోర్డన్ నోబుల్ అప్పటికి బానిసగా ఉన్న కుర్రాడు. ఆ తర్వాత ముసలితనం దాకా ఊరి ఉత్సవాల్లో ఆ డ్రమ్ముతోనే కనిపించేవారు.

ఈ ఊళ్లో బానిసత్వం ఉన్న రోజుల్లోనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్లలో వ్యాపారులు, బడిపంతుళ్లు, చేతిపనివాళ్లు 1836లో సొసియేతే దెకానమీ అనే పరస్పర సహాయ సంఘాన్ని స్థాపించారు. 1857లో ట్రెమే పేటలో తమ హాలు కట్టుకున్నారు. ఊరంతా దాన్ని ఎకానమీ హాల్ అంది. ఆ సంఘం తన సమావేశాల వివరాలు ఫ్రెంచిలో చేత్తో రాసుకుంది. చెత్తబండి ఎక్కబోతున్న ఆ పుస్తకాలను రచయిత్రి ఫాతిమా షేక్ తండ్రి కాపాడి ఇంటికి తెచ్చారు. అవి 24. వాటి ఆధారంగా ఆమె రాసిన సంఘం చరిత్ర 2021లో వచ్చింది. ఎవరు చందా కట్టారు, ఎవరికి మందులు కొన్నారు, ఎవరి అంత్యక్రియలకు ఎంతైంది అనే లెక్కల్లోంచే ఒక సమాజం చరిత్ర బయటపడింది.

అంతర్యుద్ధం వచ్చింది. 1862లో ఉత్తరాది సేనలు న్యూ ఆర్లీన్స్‌ను పట్టుకున్నాయి. వాటితోపాటు పటాలం బ్యాండులు దిగాయి. వెనక నడిచే సైనికులకు వినిపించాలని బాకా నోరు భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉండే వాయిద్యాలు అప్పట్లో వాడేవారు. 1864లో కొత్త గవర్నర్ పదవి స్వీకరించినప్పుడు బ్యాండు మాస్టర్ ప్యాట్రిక్ గిల్మోర్ వందల మంది వాద్యకారులతో, వేల మంది బడిపిల్లల పాటతో, మధ్యమధ్య ఫిరంగుల మోతతో కచేరీ చేయించారు. యుద్ధం ముగిశాక బానిసత్వం పోయింది. సంఘాలు పెట్టుకునే హక్కు లక్షల మందికి కొత్తగా వచ్చింది. ఇత్తడి బ్యాండంటే ఏమిటో అప్పటికే ఊరందరికీ తెలుసు.

అంతే, సంఘాలు పుట్టగొడుగుల్లా లేచాయి. పేటకు రెండు, చర్చికి ఒకటి, వృత్తికి ఒకటి. ఆడవాళ్లకు ప్రత్యేక సంఘాలు ఎన్నో. 1884లో మొదలైన యంగ్ మెన్ ఒలింపియన్ ఇలా లేచిన సంఘాల్లో ఒకటి. చిత్తడి నేల కాబట్టి అక్కడ శవాలను నేల మీద కట్టిన గూళ్లలో ఉంచుతారు. సొంత సమాధి కట్టుకోవడం మామూలు మనిషి తరం కాదు. సంఘం వరుసగా గూళ్లున్న ఒక పెద్ద సమాధి కట్టిస్తుంది. ఏడాది దాటాక గూడు తెరిచి, మిగిలిన ఎముకలను వెనక గోతిలోకి తోసి, తర్వాతి సభ్యుడికి చోటిస్తారు. ఇరవై గూళ్లతో తరాలు గడిచిపోతాయి.

శవయాత్ర పద్ధతి

వీటన్నిటికీ బ్యాండులు కావాలి. 1880 ప్రాంతంలో ఎక్సెల్సియర్ బ్రాస్ బ్యాండు, ఆ దశాబ్దం నడుమ ఆన్‌వర్డ్ బ్రాస్ బ్యాండు వచ్చాయి. సాధారణంగా పది పన్నెండు మంది ఉంటారు. పొట్టి ట్రంపెట్ లాంటి కార్నెట్లు రెండో మూడో, ట్రాంబోన్లు రెండు, ఆల్టో, బారిటోన్ హార్న్‌లు, ఒక ట్యూబా, ఒక క్లారినెట్, సైడ్ డ్రమ్, బేస్ డ్రమ్. వీళ్లలో చాలామంది సంగీతం మీదే బతికేవాళ్లు కాదు. ఆన్‌వర్డ్ నాయకుడు మాన్యుయెల్ పెరెజ్ చుట్టలు చుట్టేవారు. అదే బ్యాండులో ఆల్టో హార్న్ వాయించిన ఇసిడోర్ బార్బరిన్ తాపీ పని చేసేవారు, శవాల బండి కూడా తోలేవారు.

అంత్యక్రియలకు ఒక క్రమం ఏర్పడింది. సభ్యులంతా ముందు సంఘం హాలు దగ్గర చేరతారు. నల్ల సూట్లు, తెల్ల చేతి తొడుగులు. రొమ్మున బ్యాడ్జీ రిబ్బను ఉంటుంది. దానికి రెండు ముఖాలు: ఒకవైపు పండగ రంగులు, మరోవైపు నలుపు. ఆ రోజు నలుపు పైకి వచ్చేలా తిప్పి పెట్టుకుంటారు. అందరికంటే ముందు గ్రాండ్ మార్షల్, భుజానికి అడ్డంగా పట్టీ, చేతిలో టోపీ. ఆయన అడుగు ఎంత నెమ్మదో ఊరేగింపు అంత నెమ్మది. బ్యాండు చర్చి కీర్తనలను సాగదీసి వాయిస్తుంది. సైడ్ డ్రమ్ అడుగున ఉండే తీగలను వదులు చేయడంతో అది గలగలమనదు, మందంగా డుబ్ డుబ్ అంటుంది.

శవాన్ని అప్పగించాక బ్యాండు స్మశానం నుంచి మౌనంగా బయటికి వస్తుంది. కొంత దూరం నడిచాక డ్రమ్ము వాద్యకారుడు తీగలు బిగిస్తాడు. ఒక్కసారి టకటకమని దరువు మోగిస్తాడు. అక్కడినుంచి పాట మారిపోతుంది, నడక మారిపోతుంది. గొడుగులు, చేతిరుమాళ్లు లేస్తాయి. పిలవకుండా వెంటవచ్చిన జనం పక్కలా వెనకా చేరి ఆడతారు. కుటుంబం, సంఘం, బ్యాండు మొదటి వరుస. ఈ జనాన్ని సెకండ్ లైన్ అంటారు. చర్చి ఒక రకం ధర్మం చెబుతుంది, ఆఫ్రికా నుంచి వచ్చిన నమ్మకం ఇంకో రకం. రెండూ ఒప్పుకున్నది ఒక్కటే. కష్టం నుంచి విడుదలైన మనిషిని చివరికి ఏడుస్తూ కాదు, ఆడుతూ సాగనంపాలి. ఒకాయన మూడు సంఘాల్లో సభ్యుడైతే మూడు బ్యాండులు రావచ్చు. ఎవరి వెంట ఎన్ని బ్యాండులు నడిచాయన్నదే పేటలో గౌరవానికి కొలమానం.

పగలు సమాధికి, రాత్రి నాట్యానికి

సంఘానికి హాలుంది. నెలలో రెండు సమావేశాలు పోను మిగతా రాత్రులు ఖాళీ. దాన్ని నాట్యాలకు అద్దెకిస్తే నిధి పెరుగుతుంది. కోశాధికారి వేసిన ఈ లెక్క వల్ల సంఘాల హాళ్లే ఊరి నాట్యశాలలయ్యాయి. ఎకానమీ హాల్, పర్సివరెన్స్ హాల్, పెర్డిడో వీధిలోని యూనియన్ సన్స్ హాల్, సౌత్ రాంపార్ట్ వీధిలో మేసన్లు, ఆడ్ ఫెలోస్ కలిసి వాడుకున్న మేడ. జాజ్ తొలి వీరుడని చెప్పుకునే బడ్డీ బోల్డెన్ కార్నెట్ మోగింది ఇలాంటి హాళ్లలోనే.

పగలు వీధిలో పన్నెండు మంది. రాత్రి హాల్లో ఆరేడుగురు. అదే కార్నెట్, అదే ట్రాంబోన్, అదే క్లారినెట్. వీధిలో ఇద్దరు మోసిన బేస్ డ్రమ్, సైడ్ డ్రమ్ హాల్లో పెడలు సాయంతో ఒకే మనిషి చేతికి, కాలికి వచ్చి నేటి డ్రమ్ సెట్ అయింది. శవయాత్ర తిరుగు దారిలో కాగితం చూడకుండా పాటను విరిచి, మలిచి వాయించే అలవాటు నాట్యంలోకి వచ్చింది. నాట్యంలోని కులుకు మళ్లీ వీధిలోకి వెళ్లింది. జాజ్‌కు అనేక తల్లులున్నాయి. బ్లూస్, రాగ్‌టైమ్, చర్చి పాట అన్నీ అందులో కలిశాయి. కానీ ఆ వాద్యకారులకు వారం వారం పని ఇచ్చి, చేతులు తుప్పు పట్టకుండా చూసింది మాత్రం చందాదారులే.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం దీనికి సాక్ష్యం. 1913 మొదట్లో పిల్లల సంస్కరణ గృహానికి పంపితే అక్కడి బ్యాండులో పీటర్ డేవిస్ అనే గురువు దగ్గర కార్నెట్ పట్టారు. కొన్నేళ్లకు టక్సీడో బ్రాస్ బ్యాండులో చేరారు. ఆ బ్యాండు దుస్తులు వేసుకుంటే నగరంలో ఏ మూలకైనా వెళ్లగలిగేవాడినని, ఎవరూ జోలికొచ్చేవారు కాదని తన ఆత్మకథలో రాసుకున్నారు. నల్ల కుర్రాడు తప్పుడు వీధిలో కనిపిస్తే దెబ్బలు తప్పని రోజుల్లో సంఘం అద్దెకు తెచ్చుకున్న బ్యాండు అతనికి రక్షణ పత్రమైంది. 1922లో ఆయన షికాగో వెళ్లారు. మిగతాది ప్రపంచానికి తెలుసు. 1949లో జూలూ సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్ కార్నివాల్ పండగ ఊరేగింపుకు తమ రాజుగా పిలిస్తే ఆయన తిరిగొచ్చి ఊరేగారు. 1916లో రిజిస్టరైన ఆ క్లబ్ కూడా సభ్యుల సహాయ సంఘమే.

తగ్గిన మోత, తిరిగొచ్చిన మేళం

1930ల మాంద్యంలో చందాలు కట్టేవాళ్లు తగ్గారు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. బీమా కంపెనీలు నల్లజాతి ఖాతాదారుల కోసం వెతకడం మొదలుపెట్టాయి. సంఘం చేసిన పనులు ఒక్కొక్కటిగా వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. 1960లలో క్లెయిబోర్న్ అవెన్యూ ఓక్ చెట్లను కొట్టి, ఊరేగింపులు సాగిన ఆ వీధి మీదుగా ఎత్తైన రహదారి వేశారు. 1965 తుఫానులో ఎకానమీ హాల్ దెబ్బతిని, తర్వాత కూల్చివేతకు గురైంది. బ్యాండుల్లో ముసలివాళ్లు మిగిలారు.

అప్పుడు ముందుకొచ్చినవారు డానీ బార్కర్. శవాల బండి తోలిన ఇసిడోర్ బార్బరిన్ మనవడాయన. న్యూయార్క్‌లో క్యాబ్ కాలొవే బృందంలో గిటార్ వాయించి 1965లో సొంత ఊరు చేరారు. 1970 ప్రాంతంలో ఫెయిర్‌వ్యూ బాప్టిస్ట్ చర్చి కోసం పేట పిల్లల్ని పోగుచేసి బ్యాండు కట్టారు. తర్వాత పేరుపొందిన వాద్యకారులు లీరాయ్ జోన్స్, వింటన్ మార్సాలిస్ చిన్నతనంలో అందులో నడిచినవాళ్లే. పిల్లలతో పని చేయిస్తున్నారని వాద్యకారుల యూనియన్ పెద్దలు తప్పుపడితే ఆయన పక్కకు తప్పుకున్నారు, పిల్లలు మాత్రం ఆగలేదు. 1977లో ఒక సోషల్ క్లబ్ పేరు తీసుకుని డర్టీ డజన్ బ్రాస్ బ్యాండు, 1983లో ట్రెమే బడి పిల్లలతో రీబర్త్ బ్రాస్ బ్యాండు వచ్చాయి. రీబర్త్‌కు 2012లో గ్రామీ అవార్డు దక్కింది.

బార్కర్ 1994లో కన్నుమూశారు. ఆ కాలానికి బ్యాండు అంత్యక్రియలు అల్లరిగా మారాయని నొచ్చుకుని, తనకు బ్యాండు వద్దని ముందే చెప్పారు. పాత మర్యాదతో జరిపిస్తామని శిష్యులు మాటిచ్చి, నల్ల సూట్లతో, నెమ్మది అడుగుతో, కీర్తనలతో సాగనంపారు. ఆ తర్వాత వాళ్లలో కొందరు ఆ క్రమం చెడిపోకుండా చూడాలని బ్లాక్ మెన్ ఆఫ్ లేబర్ అనే సంఘం పెట్టుకున్నారు. ఒక శవయాత్ర మళ్లీ ఒక సంఘాన్ని పుట్టించింది.

2005 ఆగస్టులో కత్రీనా తుఫాను వచ్చి గట్లు తెగాయి. నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. పేటలు ఖాళీ అయ్యాయి. సంఘాల సభ్యులు హ్యూస్టన్, అట్లాంటా చేరారు. 2006 జనవరిలో ఈ సంఘాల బాటలో నడిచే సోషల్ క్లబ్‌లు కలిసి ఊరేగింపు తీశాయి. ఆదివారం ఊరేగింపు కోసం వందల మైళ్ల నుంచి కార్లలో వచ్చినవాళ్లున్నారు. ఆ ఏడాది హింస పేరుతో నగరం పోలీసు బందోబస్తు రుసుమును మూడు రెట్లకు పైగా పెంచింది. క్లబ్‌లు కోర్టుకెక్కాయి. తమ ఊరేగింపు భావ ప్రకటన హక్కు కిందికి వస్తుందని వాదించాయి. 2007లో నగరం వెనక్కి తగ్గి రుసుము తగ్గించింది. పద్దు పుస్తకం పట్టుకుని పుట్టిన సంఘాలు లెక్కలోనే గెలిచాయి.

యంగ్ మెన్ ఒలింపియన్ నేటికీ సెప్టెంబరులో ఊరేగుతుంది. ఆగస్టు చివర మొదలై జూన్ దాకా దాదాపు ప్రతి ఆదివారం ఏదో ఒక క్లబ్ వీధిలోకి వస్తుంది. బ్యాండుకు డబ్బు, పోలీసు రుసుము, దుస్తుల ఖర్చు ఎక్కువగా సభ్యులు ఏడాది పొడుగునా కట్టినవే. రాజుగారి ఈనాము కాదు.

కళను పోషించింది రాజులూ జమీందారులేనని మనం చిన్నప్పటినుంచి చదువుకున్నాం. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచాన్ని ఊపిన సంగీతాన్ని పోషించినవాళ్లు రేవులో బస్తాలు మోసినవాళ్లు, బట్టలు ఉతికినవాళ్లు. అందుకే జాజ్ చరిత్రలో బోల్డెన్, ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్ల పక్కన, నెలాఖరున ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి పద్దు రాసిన ఊరూపేరూ లేని కోశాధికారికీ ఒక చోటు ఉండాలి.